నూట ఇరవై ఎనిమిది చీమలు

"మెల్లిగా... మెల్లిగా అండీ!"

అతను బైండింగ్ షాపులోకి అడుగుపెట్టి ఇంకా నిమిషం కాలేదు. అప్పుడే మూడుసార్లు అన్నాడు ఆ మాట. బైండరమ్మాయి మూటని బల్ల మీద వదిలేసి, రెండు చేతులూ పైకెత్తింది.

"నేనింకా విప్పనేలేదు సార్. ముడి ముట్టుకున్నానంతే."

"ముడి గట్టిగా లాగితే లోపల మూలలు నలుగుతాయండీ."

"లోపలేమున్నాయి, కోడిగుడ్లా?"

వెనకాల పీట మీద కూర్చుని అచ్చు కాగితాల ఫారాలు మడతపెడుతున్న ఆమె మేనత్త కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, తువ్వాలు మూటని పసిపిల్ల దుప్పటి తీసినంత జాగ్రత్తగా తనే విప్పాడు.

లోపల ఎనిమిది పల్చటి బొమ్మల పుస్తకాలు. ప్రతి అట్ట మీదా టోపీ పెట్టుకుని, మెడలో సంచీ వేసుకున్న ఒక నత్త.

"నత్త పోస్ట్‌మన్," అని చదివింది ఆ అమ్మాయి. "ఎప్పుడూ వినలేదే!"

"ఎవరూ వినలేదండీ. ఇద్దరు స్నేహితులు సైకిల్ షాపు వెనక గదిలో కూర్చుని వేశారు. ఒకాయన బొమ్మలు, ఒకాయన మాటలు. ఎనిమిది నెలలు నడిచి మూతపడింది. నాకు తెలిసినంతలో ఈ ఎనిమిదీ తప్ప ఇంకో కాపీ ఎక్కడా లేదు. మూడేళ్లు తిరిగాను వీటికోసం. మొదటిది మంగలి షాపులో దొరికింది. ఐదోది పళ్ల డాక్టరు దగ్గర, కుంటి స్టూలు కాలి కింద. ఎనిమిదోది పోయిన నెల, గాలిపటాలు చేసే ఆయన దగ్గర. ఇంకో అరగంట ఆలస్యమైతే ఎగిరిపోయేది."

అంత పొడుగు మాట చెప్పి, తనే ఆశ్చర్యపోయినట్టు ఆగాడు. పెద్ద లైబ్రరీలో కేటలాగ్ రాసే ఉద్యోగం అతనిది. రోజంతా కార్డులతో తప్ప మనుషులతో మాట్లాడే అవసరం పడదు.

"కథేంటి?" అడిగింది ఆమె.

"కొండ మీద గడియారాలు బాగుచేసే ఒకావిడ ఉంటుంది. ఆవిడకి ఉత్తరం అందించాలి నత్త. రెండో సంచికలో ఒక మేక ఆ ఉత్తరం మూల కొరికి చింపేస్తుంది. ఇంటి గుర్తు ఆ ముక్క మీదే ఉంటుంది. ఇంక పాపం నత్త ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడుగుతూ పోతుంది. ఎనిమిదో సంచికకి కొండ కిందికి చేరుతుంది. 'మిగతాది వచ్చే నెల' అని ఉంటుంది."

"వచ్చే నెల రాలేదు."

"రాలేదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు డాక్టరు దగ్గర కూర్చుని ఒక సంచిక చదువుతుంటే, ఆఖరి పేజీకి ముందు లోపలికి పిలిచారండీ. బయటికొచ్చి చూస్తే పుస్తకం లేదు. అప్పట్నుంచీ, ఇరవై ఏళ్లుగా, ఆ ఉత్తరం అందిందా లేదా అని..." ఆగాడు. "మీకు నవ్వొస్తోందేమో."

నిజానికి ఆమెకి నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లు ఒక ఉత్తరం కోసం ఎదురుచూసినవాణ్ని ఆమె ఇదే చూడటం.

వచ్చే శుక్రవారం లైబ్రరీ కమిటీ కూర్చుంటుందట. ఈ ఎనిమిదినీ శాశ్వత విభాగంలోకి తీసుకుంటే చల్లటి గదిలో, తాళం వేసిన బీరువాలో వందేళ్లు బతుకుతాయి. లేకపోతే అతని గదిలోనే, పురుగులకీ తేమకీ ఆహారం. చిక్కేమిటంటే లైబ్రరీ పెద్ద మేడమ్ మధ్యలో ఆగిపోయిన కథల్ని శాశ్వత విభాగంలో పెట్టనివ్వదు. కనీసం అందంగా బైండు చేయించి చూపిస్తే ఆవిడ మనసు మారుతుందేమోనని అతని ఆశ.

"మంచి చోటికే వచ్చారు," అంది బైండరమ్మాయి, పని చీటీ ముందుకు తోస్తూ. "ఇది నింపండి."

అట్టకి వేసే రెగ్జిన్ రంగు గడి దగ్గర పది నిమిషాలు ఆలోచించి 'నీలం' అని రాశాడు. దారం రంగు దగ్గర ఐదు నిమిషాలు. 'కటింగ్' అన్న గడి అర్థం కాలేదు. అడిగితే ఏమనుకుంటుందోనని దాన్ని ఖాళీగా వదిలేశాడు. ఆమె కూడా చీటీ చూడకుండానే మేకుకి గుచ్చేసింది.

అతను వీధి మలుపు తిరిగాక మేనత్త అంది, "నీ మెల్లిగా బాబు వెళ్లాడా?"

"నా బాబేంటి అత్తా!"

"మరి నా బాబా?" అని అత్త ఇంకో ఫారం మడతపెట్టింది.

ఈ వీధిలో కాగితం కోయడంలో తనని మించినవాళ్లు లేరని ఆ అమ్మాయి నమ్మకం. అది ఉత్త గొప్ప కాదు. నాన్న అంతటివాడు కూడా ఏడాది క్రితం కటింగ్ మెషిన్ పిడి ఆమెకిచ్చేసి, తను కుట్టు పనికి మారిపోయాడు. ఆమె కోసిన అంచు మీద వేలు పెడితే జారిపోతుంది.

నత్త పుస్తకాలకి పిన్నులు తీసి, మడతలకి పల్చటి కాగితం అతికి, ఒక్కో దానిలో పదహారు కాగితాల చొప్పున ఎనిమిదింటినీ ఒకే పుస్తకంగా కలిపి కుట్టాడు నాన్న. మొత్తం నూట ఇరవై ఎనిమిది కాగితాలు. అంచులు మాత్రం ఘోరంగా ఉన్నాయి. ఆ స్నేహితులిద్దరికీ కటింగ్ మెషిన్ ఉన్నట్టు లేదు, ఎలుకలు కొరికినట్టు ఎగుడుదిగుడు. ఆమెకి జాలేసింది. కొలత పెట్టి, పిడి దించింది. ఒక్క వేటు. కుడి అంచు నుంచి అర అంగుళం ముక్క టపుక్కున కింద గోనెసంచిలో పడింది.

అద్దంలాంటి అంచు. ఆమె ఆ పుస్తకాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుని మురిసిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం వచ్చాడతను. నీలం రెగ్జిన్ చూడగానే ముఖం వెలిగిపోయింది. అట్ట తెరిచాడు. మొదటి పేజీ చూశాడు. రెండు వేళ్లతో రెండో పేజీ తిప్పాడు, తర్వాత మూడోది. ముఖంలో వెలుగు పేజీకి కొంచెం చొప్పున తగ్గింది.

"చీమలేవండీ?"

"ఏం చీమలు? మా షాపులో చీమలుండవు. మైదా జిగురులో మందు కలుపుతాం."

"ప్రతి కుడి పేజీ అంచునా ఒక చీమ ఉంటుంది. గోరంత బొమ్మ. వీపు మీద బియ్యపు గింజ మోస్తూ... అవన్నీ ఎక్కడికి పోయాయి?"

ఏం జరిగిందో ఆమెకి అర్థమైంది. కానీ నోరు ఊరుకోలేదు. "అంచులు కోయకుండా బైండింగ్ ఎలా అవుతుందండీ? వద్దంటే చీటీలో రాయాలి. చూడండి, మీ చీటీ. రంగులకి పావుగంట, కటింగ్ గడి ఖాళీ."

"ఖాళీ ఉంటే అడగాలి కదండీ!"

"ఖాళీ ఉంటే కోస్తాం. ఎక్కడైనా అంతే."

"మీరు ఒక్క పేజీ అయినా చదివారా?" అతని గొంతు పెరగలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "ఏం కోస్తున్నారో చూసి కోయాలనిపించలేదా?"

ఆమె అంచులు చూసింది, కొలత చూసింది, కత్తి పదును చూసింది. బొమ్మలు చూడలేదు. అదే నిజం, దాన్ని దాచే అలవాటు ఆమెకి లేదు.

"చూడలేదు," అంది. "తప్పు నాదే. ముక్కలు ఎక్కడికీ పోలేదు, సంచిలోనే ఉన్నాయి. తుక్కు కాగితాలాయన వచ్చేది గురువారం. శుక్రవారం పదింటికల్లా మీ చీమలు మీ పేజీల్లో ఉంటాయి."

"నూట ఇరవై ఎనిమిదా?"

"ఒక్కటి తగ్గినా నన్నడగండి."

అతను నమ్మినట్టు లేదు. పుస్తకాన్ని అక్కడే వదిలేసి, గొడుగు కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున్నే ఆమె గోనెసంచిని నేల మీద బోర్లించింది. వారం రోజుల కత్తిరింపులు గుట్టగా పడ్డాయి. ఆస్పత్రి రిజిస్టర్లవి, బడి నోటు పుస్తకాలవి, పెళ్లి ఆల్బమ్‌లవి. అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని పక్కన కూలబడింది.

"ఇంత కష్టం ఆ కళ్లజోడు కోసమా, చీమల కోసమా?"

"నా మాట కోసం."

"సర్లే. నేనేమన్నా అన్నానా?"

అదృష్టం ఏమిటంటే ఒక్క వేటులో తెగిన ముక్కలు గుంపుగానే పడతాయి. పసుపెక్కిన పాత కాగితం కాబట్టి తెల్లవాటి మధ్య చప్పున తెలిసింది. నూట పద్నాలుగు ఒకే కట్టగా దొరికాయి. మిగతా పద్నాలుగింటికీ మధ్యాహ్నం వరకు పట్టింది. పేజీల్లో తెగిన గీతలకి ముక్కల మీది గీతలు జతచూసి, వరస సరిచేసి, ముక్కలన్నీ ఒక దాని మీద ఒకటి పేర్చింది. బల్ల మీద టక్ టక్ మని కొట్టి సమం చేసింది.

బైండింగ్ వాళ్లకో అలవాటు ఉంటుంది. ఏ కట్ట చేతికొచ్చినా బొటనవేలితో గబగబా జార్చి లెక్క చూసుకుంటారు. ఆమె కూడా ఏమీ ఆలోచించకుండా కట్ట వంచి, వేలు వదిలింది.

చీమ నడిచింది.

ఆమె మళ్లీ జార్చింది. చీమ నడుస్తోంది. ఒక చోట వానచుక్క మీద పడితే పల్టీ కొట్టి లేచింది. ఒక పుల్ల ఎక్కి దిగింది. రెండో సంచిక ముక్కల నుంచీ దాని వీపు మీద ఉన్నది బియ్యపు గింజ కాదు. ఒక వైపు సమంగా, ఇంకో వైపు మేక పళ్లతో కొరికినట్టు ఉన్న చిన్న కాగితం ముక్క. ఆఖరి పదహారు ముక్కల్లో నత్త వచ్చింది. చీమ ఆ ముక్కని దాని ముందు దించింది. నత్త దాన్ని ఉత్తరానికి జతచేసి, కొండెక్కి, ఒక తలుపు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది.

"ఏమే, అలా నిలబడిపోయావు?" అంది అత్త.

"అత్తా, ఆ గొడుగు ఇటివ్వు. నేను లైబ్రరీకి పోతున్నా."

"ఎండగా ఉంది కదే!"

"గొడుగు ఆయనదే!"

కేటలాగ్ గదిలో అతను తల వంచుకుని కార్డు రాస్తున్నాడు. ఆమె గొడుగు బల్ల మీద పెట్టింది. పక్కనే కట్ట పెట్టింది.

"చీమలు అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టుకోవచ్చు."

అతను లేచి నిలబడ్డాడు. "నిన్న నేను కొంచెం గట్టిగా..."

"అది తర్వాత. ముందు ఒకటి చెప్పండి. మీరు పేజీలు ఎలా తిప్పుతారు?"

"ఒక్కొక్కటీ. పై మూల పట్టుకుని, రెండు వేళ్లతో."

"ఇలా ఎప్పుడూ జార్చలేదా?" బొటనవేలు ఆడించి చూపించింది.

అతను అదిరిపడ్డాడు. "పాత కాగితం అండీ! ఎవరైనా అలా చేస్తారా? మెల్లిగా..."

"ఆ మెల్లిగాయే మీ కొంప ముంచింది. మూడేళ్లు చేతిలో పెట్టుకుని కూడా చూడలేదు మీరు. వీపు మీద గింజ అన్నారు కదా, ఆఖర్లో ఏముంటుంది?"

"చివరి సంచికలో నత్త కూడా ఉంటుంది, అలంకారానికి. ఆ తర్వాత ఒక నల్ల మచ్చ. అచ్చు తప్పు అనుకుంటా."

"అచ్చు తప్పు కాదు. తలుపు. రండి, ఇటు నిలబడండి."

ఆమె కట్ట ఎత్తి పట్టుకుంది. అతను భుజం పక్కన నిలబడి వంగాడు. ఇద్దరి తలలూ కాస్త తగిలాయి. ఎవరూ జరగలేదు. ఆమె వేలు వదిలింది.

పన్నెండు సెకన్లు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారి జార్చింది. ఇంకోసారి అన్నాడు. ఏడోసారికి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కళ్లజోడు కన్నా కళ్లే ఎక్కువ తడిగా ఉన్నాయి.

"అందింది," అన్నాడు. "ఉత్తరం అందిందండీ."

"అందింది," అంది ఆమె. ఆ మాట అతనితో చెప్పే అవకాశం తనకే దొరికినందుకు ఆమెకి గొప్ప సంతోషం కలిగింది. "పత్రిక ఎక్కువ నెలలు నడవదని వాళ్లకి మొదట్లోనే తెలిసుంటుంది. పెద్ద కథ పూర్తిచేసే దారి లేక, చిన్న కథలో పూర్తిచేశారు."

"మీరు కోసి ఉండకపోతే..."

"నేను కోసినందుకు మెచ్చుకోకండి, మళ్లీ కోస్తాను. సెలవు పెట్టండి. అతకాల్సినవి నూట ఇరవై ఎనిమిది ఉన్నాయి."

గురువారమంతా షాపులో నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నాన్న టిష్యూ కాగితం పట్టీలు కోశాడు. అత్త జిగురు కలిపింది. బైండరమ్మాయి ముక్కని పేజీకి తెగిన గీతా గీతా కలిసేలా ఆనించి అతికింది. అతని పని, అతికినదాన్ని కదలకుండా పట్టుకోవడం. మెల్లిగా పట్టుకోవడంలో అతన్ని మించినవాళ్లు లేరని తేలింది.

మూడింటికి వాన మొదలైంది. తడిగాలికి జిగురు ఆరదు. అత్త ఇద్దరి చేతుల్లో చెరో అట్టముక్క పెట్టి, "విసరండి," అంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పుస్తకానికి విసిరారు. కాసేపటికి గాలి పుస్తకానికి తగలడం తగ్గింది. ఆమె ముంగురులు ఎగురుతున్నాయి. అతని చూపు అక్కడే ఉండిపోయింది.

"చీమలు ఇక్కడ లేవు సార్, కింద ఉన్నాయి," అంది ఆమె.

అతను చెవుల దాకా ఎర్రబడి, రెట్టింపు వేగంతో విసిరాడు.

"మెల్లిగా బాబూ," అంది అత్త. "మా పిల్ల ఎగిరిపోగలదు."

శుక్రవారం పదింటికి పుస్తకం కమిటీ బల్ల మీద ఉంది. అతని వెనక ఆమె కూడా నిలబడింది. చేసిన పని చూపించుకోవడానికి మొహమాటం దేనికని ఆమె అభిప్రాయం. పెద్ద మేడమ్ పేజీలు తిప్పి, అతుకుల మీద వేలు రాసి చూసి, అట్ట మూసింది.

"బైండింగ్ చక్కగా ఉంది. అతుకులు కనిపించనే లేదు. కానీ నియమం మీకు తెలుసు కదా బాబూ. కథ మధ్యలో ఆగిపోయింది."

"ఆగలేదు మేడమ్," అన్నాడతను. మూడేళ్లలో ఆ గదిలో అతని గొంతు అంత స్పష్టంగా వినపడటం అదే మొదలు. "కథ పూర్తయింది. మనం చదవాల్సినట్టు చదవలేదు, అంతే."

అతను బైండరమ్మాయి వైపు చూశాడు. ఆమె ముందుకొచ్చింది.

"నా అతుకు ఊడదు మేడమ్. భయపడకండి," అని పుస్తకం వంచి, వేలు వదిలింది.

మేడమ్ కుర్చీలో ముందుకి జరిగింది. తర్వాత పుస్తకం తన చేతిలోకి తీసుకుంది. తర్వాత మిగతా సభ్యులందరూ ఆవిడ కుర్చీ వెనక గుమిగూడారు. మూడుసార్లయ్యాక కూడా పుస్తకం తిరిగి బల్ల మీదికి రాలేదు.

"పేజీలు గబగబా తిప్పరాదు అని గోడ మీద బోర్డు పెట్టించింది నువ్వే కదయ్యా?" అంది మేడమ్.

"అవును మేడమ్. దీనికి మాత్రం మినహాయింపు కావాలి."

"కావాలి," అని ఆవిడ సంతకం పెట్టింది. "కార్డు నువ్వే రాయి."

కార్డు అప్పటికే రాసి జేబులో పెట్టుకుని ఉన్నాడు. కింద ఒక వరస అదనంగా ఉంది. 'ముగింపును కనుగొన్నది: బైండరు.' ఆమె ఆ వరస చదివి, మళ్లీ మొదట్నుంచీ మెల్లిగా చదివింది. అత్త చూసి ఉంటే ఆశ్చర్యపోయేది.

మెట్లు దిగాక అతను ఏదో చెప్పబోయాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "మీ జిగురు చాలా బాగుందండీ," అన్నాడు చివరికి.

"థాంక్స్," అని ఆమె నవ్వు ఆపుకుని ఆటో ఎక్కింది.

సోమవారం వచ్చాడు. చేతిలో మూట లేదు.

"పని చీటీ ఒకటి ఇస్తారా?"

"బైండింగుకి ఏం తెచ్చారు?"

"చీటీ ఇవ్వండి ముందు."

ఇచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, కళ్లజోడు సర్దుకుని రాశాడు. ఈసారి రంగుల దగ్గర ఆగలేదు. ప్రతి గడీ గబగబా నింపి, చీటీ బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె చదివింది. 'వస్తువు: కేటలాగ్ రాసే మనిషి, ఒకడు. ప్రస్తుత స్థితి: విడిగా ఉన్నాడు. రంగు: మీ ఇష్టం. కటింగ్: అవసరమైన చోట చేయవచ్చు, అడిగి. ఎప్పటికి కావాలి: తొందరలేదు, ఎప్పటికీ.'

కింద ఒక గడి ఖాళీగా ఉంది. 'తీసుకున్నవారి సంతకం.'

"మళ్లీ ఒక గడి వదిలేశారు," అంది ఆమె.

"అది మీరు నింపాల్సిందండీ. ఖాళీగా ఉంటే కోసేస్తారని తెలుసు. అయినా..."

మడతపెట్టే చప్పుడు ఆగిపోయింది. అత్త తల తిప్పకుండా చెవి ఇటు పెట్టింది. నాన్న సూదిలో దారం ఎక్కిస్తున్నవాడల్లా ఆగి, కూతురి ముఖం చూశాడు. అందులో కనిపించాల్సింది కనిపించినట్టుంది, మళ్లీ సూది మీదికి వంగాడు.

"పని బాగా పట్టుకుంటాడమ్మా," అన్నాడు. "చేతులు వణకవు."

ఆ ఇంట్లో నాన్న నోట అంతకన్నా పెద్ద దీవెన ఎవరూ వినలేదు.

ఆమె చెవి వెనక నుంచి పెన్సిల్ తీసింది. చాలదనిపించి దాన్ని పక్కన పెట్టి, పెన్ను తీసింది. చీటీ దగ్గరికి లాక్కుని గబగబా రాయబోయింది.

"మెల్లిగా," అన్నాడతను, అలవాటు కొద్దీ. "కాగితం చిరుగుతుంది."

"ఇరవై ఏళ్లు నువ్వు ఒక ఉత్తరం కోసం మెల్లిగా ఉన్నావు కదా, ఇంక చాలు," అంది ఆమె. ఆ 'నువ్వు' ఇద్దరూ విన్నారు. ఆమె ఒక్క గీతలో సంతకం పెట్టేసి, చీటీని మేకుకి గుచ్చబోయి ఆగింది. మేకు గుచ్చితే చిల్లుపడుతుంది.

దాన్ని మడతపెట్టకుండా, మూలలు నలక్కుండా, తన లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుంది. మెల్లిగానే.